టీవీ శబ్దం తీసేసి మీవాడి చేత మాట్లాడించండి

ప్రశ్న: మా అబ్బాయి బీకాం రెండో సంవత్సరం. కాలేజీ జట్టు దాటి ఎక్కడా ఆడలేదు. అయినా తెలుగులో క్రీడా వ్యాఖ్యాత అవుతానంటున్నాడు. గొంతు బాగుందని అందరూ అంటున్నారు. ఈ పనిలో బతుకుదెరువు ఉంటుందా?
- ఒక తండ్రి

జవాబు: గొంతు సంగతి కాసేపు పక్కన పెట్టండి. మంచి గొంతులు చాలానే ఉన్నాయి.

పెద్ద స్థాయిలో ఆడలేదన్న బెంగ మాత్రం వద్దు. కామెంటరీ బాక్సులో ఒక కుర్చీ మాజీ ఆటగాళ్లది. ఎమ్మెస్కే ప్రసాద్, వేణుగోపాలరావు వంటివారు కూర్చునే ఆ చోటు మీవాడికి దొరకదు. రెండో కుర్చీ ఆటను బంతి బంతికీ చెబుతూ, పక్కనున్న మాజీ ఆటగాడి చేత మాట్లాడించేవారిది. మీవాడు ఆశపడాల్సింది దానికే. హర్షా భోగ్లే హైదరాబాదువాడే. 19 ఏళ్లకే ఆకాశవాణిలో వ్యాఖ్యానం మొదలుపెట్టారు. ఆయన పేరు చెప్పి చదువు అటకెక్కించే కుర్రవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. ఆయన ఉస్మానియాలో కెమికల్ ఇంజినీరింగ్, ఆ తర్వాత అహ్మదాబాద్ ఐఐఎంలో పీజీ పూర్తిచేశారని వాళ్లకు గుర్తుచేయాల్సి వస్తుంది.

ఇక బతుకుదెరువు. 2018 చివర్లో స్టార్ స్పోర్ట్స్ తెలుగు ఛానల్ వచ్చాక ఐపీఎల్‌కూ ప్రో కబడ్డీకీ తెలుగు గొంతుల అవసరం పెరిగింది. కానీ ఈ పనిలో నెల జీతం అరుదు. చాలావరకు మ్యాచ్‌కింత, సీజన్‌కింత అనే ఒప్పందాలే. ఐపీఎల్ రెండు నెలల ముచ్చట. మిగతా నెలలు గడవాలంటే చేతిలో మరో పని ఉండాలి. క్రీడా విలేకరి, స్క్రిప్టు రచయిత, గణాంకాలు చూసేవాడు, ప్రొడక్షన్ సహాయకుడు, ఏదైనా సరే. అందుకే బీకాం ముగించి జర్నలిజం పీజీ చేయమంటాను. ఉస్మానియాలో చేరడానికి సీపీగెట్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ రాయాలి.

అంతకన్నా ముందు ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టండి. ప్రో కబడ్డీ మ్యాచ్ పెట్టి, టీవీ శబ్దం తీసేసి, మీవాడి వ్యాఖ్యానాన్ని ఫోనులో రికార్డు చేయండి. కూతకు వెళ్లినవాడికి ఉండేది 30 సెకన్లు. ఆలోపు వెళ్లింది ఎవరో, అవతల ఎందరు మిగిలారో చెప్పాలి. వరుసగా రెండు కూతలు ఖాళీగా పోయాయా? అయితే ఈ మూడోదాంట్లో పాయింటు తేకపోతే కూతగాడే బయటికి పోతాడు. అవతల ముగ్గురే ఉన్నారా? పట్టేస్తే సూపర్ ట్యాకిల్, వాళ్లకు రెండు పాయింట్లు. ఇవన్నీ పట్టు పడకముందే మీవాడి నోటి నుంచి రావాలి. పడ్డాక ‘అద్భుతం, అమోఘం’ అనడానికి వ్యాఖ్యాత ఎందుకు? కేకలు ఎటూ వినిపిస్తూనే ఉంటాయి.

రికార్డింగును మర్నాడు ఇద్దరూ కూర్చుని వినండి. తెర మీద కనిపిస్తున్నదాన్నే ఎన్నిసార్లు మళ్లీ చెప్పాడో లెక్కపెట్టండి. అలాంటి మాట రేడియోలో ప్రాణం, టీవీలో భారం. నన్నడిగితే, టీవీలో ఎప్పుడు ఊరుకోవాలో తెలియడమే అన్నిటికన్నా కష్టం.

ఇంకో చిక్కుంది. ప్రత్యక్ష ప్రసారంలో వ్యాఖ్యాత మాట్లాడుతుండగానే చెవిలో ప్రొడ్యూసర్ గొంతు వినిపిస్తూ ఉంటుంది, ప్రకటనకు ఇన్ని సెకన్లే ఉన్నాయని. దీనికి సాధన మీ చేతిలోనే ఉంది. మీవాడు వ్యాఖ్యానం చెబుతుంటే వెనక నిలబడి పది నుంచి సున్నా దాకా లెక్కపెట్టండి. తడబడకుండా, సున్నాకు సరిగ్గా వాక్యం ముగించాలి. మొదటి వారం ఇద్దరికీ విసుగొస్తుంది.

అది కుదిరాక సంక్రాంతికి ఊళ్లలో జరిగే కబడ్డీ పోటీల్లో మైకు అడిగి తీసుకోమనండి. అక్కడి జనానికి ఆట తెలుసు. ఆటగాడి పేరు తప్పు చెబితే అప్పటికప్పుడే దిద్దుతారు.