మా అబ్బాయే ఫేక్ ఐడీతో ఆ పిల్లని తిట్టాడు, ఇప్పుడు నేనేం చేయాల?

ప్రశ్న: మేడమ్, మాది కావలి దగ్గర పల్లెటూరు. మా ఆయనకి రొయ్యల గుంటలు. అబ్బాయి నెల్లూరులో బీటెక్ మూడో సంవత్సరం, మూడు సబ్జెక్టులు పోయి ఉండాయి. పాప ఇంటర్. పోయిన ఆదివారం వాడు ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి స్నానానికి పోతే అది మోగతానే ఉంది, ఏందా అని పాపని చూడమన్నాను. ఎవరో అమ్మాయి వీడి హీరో సినిమా బాలేదని వీడియో పెట్టిందంట, దాని కింద మా వాడు వేరే పేరుతో రాసినవి పాప చదివింది, సగంలో ఆపేసి ఏడ్చింది. ఆ పిల్ల ఫోటో అసహ్యంగా మార్చి పెట్టాడు, ఫోన్ నంబర్ కూడా పెట్టాడు. అడిగితే "ఫ్రీ స్పీచ్ అమ్మా, అందరూ అంటన్నారు, నేనొక్కడినేనా" అంటాడు. ఫ్యాన్స్ గ్రూపులో వాణ్ణి అందరూ అన్నా అంటారంట. ఆ పిల్ల వీడియోలన్నీ తీసేసుకుంది. మా ఆయనకి తెలిస్తే తోలు వలుస్తాడు. చెప్పాల్నా? ఫోన్ లాక్కోవాల్నా? పోలీసులు వస్తారా?

జవాబు:

అమ్మా, అబ్బాయి గురించి ఇంత రాశారు, పాప ఏడ్చిందని మాత్రం ఒక్క ముక్కలో చెప్పి దాటేశారు. నేను ముందు అక్కడే ఆగాను. తన అన్న ఇంకో ఆడపిల్ల గురించి ఎంత మాట రాయగలడో అది తన నోటితో చదివి అమ్మకి వినిపించాల్సి వచ్చింది, ఇప్పుడు వాడి పక్కన కూర్చొని అన్నం తినడం కూడా దానికి కష్టంగానే ఉంటుంది. మీరు ముందు దాని దగ్గర కూర్చోండి. వాడు చేసింది తప్పు, నువ్వు చదివి చెప్పడం తప్పు కాదు అని నోరు తెరిచి చెప్పండి, ఎందుకంటే రేపు ఇంట్లో గొడవైతే అంతా నీ వల్లే అని దాని మీదకే వస్తారు, వాడూ వస్తాడు, ఒక్కోసారి విసుగులో మనమూ అనేస్తాం.

ఇంక ఫ్రీ స్పీచ్ మాట. 2012 నవంబర్‌లో శివసేన నాయకుడు బాల్ థాకరే చనిపోయినప్పుడు ముంబై అంతా బంద్ అయితే, పాల్ఘర్ అనే ఊళ్లో ఒకమ్మాయి ఈ బంద్ ఎందుకని ఫేస్‌బుక్‌లో రాసింది, ఇంకో అమ్మాయి దానికి లైక్ కొట్టింది, అంతే, ఇద్దర్నీ అరెస్ట్ చేశారు. ఒక గుంపు పోయి ఆ రాసిన పిల్ల బంధువుల క్లినిక్ పగలగొట్టింది. తర్వాత లా చదివే ఇంకో అమ్మాయి సుప్రీంకోర్టుకి పోతే, 2015 మార్చి 24న ఐటీ చట్టంలో 66ఏ సెక్షన్‌ని కోర్టు కొట్టేసింది, ఎవరికో చిరాకు కలిగిందని మనిషిని జైల్లో వేయకూడదని. ఇవాళ మనం నెట్‌లో ఏదన్నా ధైర్యంగా రాస్తున్నామంటే అందులో ఆ తీర్పు పాలు చాలా ఉంది. మరి ఆ కథలో మీ వాడు ఎవరి పక్కన ఉన్నాడో వాణ్ణే అడగండి. మాట రాసిన పిల్ల పక్కన లేడు, క్లినిక్ మీదకి పోయిన గుంపులో ఉన్నాడు.

కోర్టు సంగతులు మీకు చెప్పడం రాదనుకుంటే దూబగుంట సంగతి చెప్పండి, అది మన జిల్లాదే. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడోళ్లు, రోశమ్మ లాంటోళ్లు, సారా అంగడి మాకొద్దని నోరు తెరిచారు. వాళ్లని నోరు మూసుకోమన్నోళ్లు లేకనా? మూసుకోలేదు కాబట్టే 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆడది నలుగురిలో మాట్లాడగలగడం అంటే ఏందో మీ వాడికంటే మీకే బాగా తెలుసు, అది మీ మాటల్లోనే చెప్పండి.

నేను వాడి నోరు కట్టేయమనట్లేదమ్మా. నీకు సినిమా చూడటం రాదు, సెకండాఫ్ నీకు అర్థం కాలేదు, నీ రివ్యూ చెత్త అని వాడి సొంత పేరుతో ఎన్నిసార్లయినా రాసుకోవచ్చు, ఆమెకి నచ్చకపోయినా వీడియో పెట్టాక అలాంటివి పడాల్సిందే. కానీ వాడు సినిమా గురించి ఒక్క ముక్క రాశాడా? ఆమె ఒంటి గురించి రాస్తే సెకండాఫ్ బాగుందని తేలుతుందా? ఆమె నంబర్ పెట్టడంలో అభిప్రాయం ఏముంది, ముక్కూ మొహం తెలియని మగాళ్లు అర్ధరాత్రి ఫోన్లు చేయడానికి తప్ప ఇంకెందుకు పనికొస్తుంది అది?

"అందరూ అంటన్నారు" అనేది ఇంకా దారుణం. వాడు అనుకునేది నాది ఒక్క కామెంటే కదా అని. వందల మంది ఒక్కొక్కటే అనుకొని రాస్తే అవన్నీ కలిపి ఆ ఒక్క పిల్ల ఫోన్లోకే వస్తాయి.

వీళ్లకి మర్యాదగా వాదించుకోవడం ఎందుకు రావట్లేదంటే, నాకు కనిపించిన కారణం చెప్తా. నెల్లూరులో థియేటర్ బయట టీ కొట్టు దగ్గర ఇద్దరు హీరోల పిలకాయలు గట్టిగానే అరుచుకుంటారు, కానీ ఎదుటోడి మొహం మారడం కళ్లకి కనపడుతుంది, పక్కనుండే పెద్దాయన ఇంక చాల్లే పోండ్రా అంటాడు. ఫోన్లో ఆ మొహమూ లేదు ఆ పెద్దాయనా లేడు. పైగా ఎంత ఘాటుగా రాస్తే అన్ని లైకులు, కోపమొచ్చి జనం ఎన్ని రిప్లైలు కొడితే అది అంత మందికి చేరుతుంది, నిదానంగా నేను ఒప్పుకోను ఇందుకని అని రాసినోడి కామెంట్ అడుగున పడిపోతుంది. కాలేజీలో సబ్జెక్టులు పోయి తలెత్తుకోలేని పిల్లోడికి గ్రూపులో అన్నా అని పిలిపించుకోవడం ఎంత రుచిగా ఉంటుందో ఊహించుకోండి. ఇది వాణ్ణి వెనకేసుకురావడానికి చెప్పట్లేదు, ఆ రుచి పోవాలంటే మార్కుల దగ్గర వాడికి ఇంట్లో సాయం కావాలి, ఆ బ్యాక్‌లాగ్‌ల గురించి తిట్టకుండా కూర్చొని మాట్లాడినోళ్లు ఎవరన్నా ఉన్నారా అని అడుగుతున్నా.

ఫోన్ లాక్కోవద్దు. ఇరవై ఏళ్లోడు, ఫ్రెండ్ ఫోన్లో ఇంకో ఫేక్ ఐడీ పెట్టుకోవడానికి ఎంతసేపు. దానికంటే కష్టమైన పని చేయించండి. వాడు రాసినవన్నీ వాడి నోటితోనే, గట్టిగా, మీ ముందు చదవమనండి. నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లతో ఇదే చేయిస్తాను, రాసేటప్పుడు లేని సిగ్గు అప్పుడొస్తుంది, చివరిదాకా చదవగలిగినోళ్లు తక్కువ. పాపని మాత్రం అక్కడ కూర్చోబెట్టొద్దు.

తర్వాత అన్నీ స్క్రీన్‌షాట్లు తీసి దాచి, ఆ పోస్టులు వాడి చేతే తీయించండి, గ్రూపులో మిగతావాళ్లకి కూడా తీసేయమని వాడే చెప్పాలి. అంతేగానీ ఫోన్ రీసెట్ కొట్టి ఏమీ జరగనట్టు చేయొద్దు, అది ఇంకో తప్పు అవుతుంది. పోలీసులు వస్తారా అంటే, రావచ్చు. అసభ్యంగా ఫోటో మార్చి పెడితే ఐటీ చట్టం 67 ఉంది, నెట్‌లో ఆడపిల్ల వెంటపడి వేధిస్తే కొత్త భారతీయ న్యాయ సంహితలో 78 ఉంది, ఆ అమ్మాయి cybercrime.gov.in అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పెట్టినా, ఏ స్టేషన్‌కి పోయినా ఫిర్యాదు తీసుకోవాలి. ఫేక్ పేరుంటే దొరకననుకోవడం పిచ్చి, ఏ నంబర్ నుంచి వచ్చిందో కనుక్కోగలరు. మీరు నెల్లూరు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి పోండి, లేదా 15100కి చేయండి, ఆడవాళ్లకి లాయర్ సలహా ఫ్రీగానే ఇస్తారు. క్షమాపణ వాడి అసలు పేరుతో, తిట్టిన చోటే, సాకులు లేకుండా ఒక్కసారి పెట్టాలి, అది ఎలా పెట్టాలో కూడా ఆ లాయర్‌నే అడగండి.

ఒక్కటి మాత్రం చేయొద్దమ్మా. పళ్లూ స్వీట్లూ పట్టుకొని ఆ పిల్ల ఇంటికి పోయి మా వాడి భవిష్యత్తు పోతుంది, కేసు పెట్టొద్దమ్మా అని కాళ్లావేళ్లా పడకండి. మీది తల్లి బాధే, కాదనను, కానీ ఆ పిల్లకి అది ఇంకో బలవంతం. కేసు పెట్టడమా మానడమా ఆమె ఇష్టం.

మీ ఆయనకి చెప్పాలి. దాస్తే రేపు స్టేషన్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు తెలుస్తుంది, అప్పుడు మీ ఇద్దరి మధ్య కూడా చెడుతుంది. ఒక్కరే చెప్పకండి, మీ అన్నో తమ్ముడో ఉంటే పిలిపించుకోండి, మేనమామ మాట ఇద్దరూ వింటారు. కొట్టనని ముందే మాట తీసుకొని చెప్పండి. కొడితే వాడికి ఆ దెబ్బే గుర్తుంటుంది, ఆ పిల్ల గుర్తుండదు. ఈ గొడవలో వాడు తిండి మానేసినా, చచ్చిపోతానన్నా బెదిరింపులే అనుకోవద్దు, వెంటనే 14416కి చేయండి, టెలీ మానస్, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు.

వీటిల్లో కొన్నిటికి రోజులు పడతాయి. ఆమె నంబర్ ఉన్న పోస్టు మాత్రం ఇది చదివిన వెంటనే తీయించండి, ఆ పిల్లకి ఇంకా ఫోన్లు వస్తూ ఉండి ఉంటాయి.