ఆఫ్రికా దేశాలతో మనది నిజంగా స్నేహమేనా? కాకినాడ వైపు నుంచి ఒక జవాబు

ఆఫ్రికా దేశాలతో భారత్‌ది నిజమైన స్నేహమా, ఉత్త మాటలా అని అడిగారు. మండపేట దగ్గర రైస్ మిల్లులో చాలాకాలం ఎగుమతి లెక్కలు చూశాను కాబట్టి బియ్యం వైపు నుంచే చెప్తాను. స్నేహం ఉంది, కాకపోతే ఇక్కడ ధరలు పెరిగాయంటే ముందు పక్కకు జరిగేది అదే.

2015 ఢిల్లీ సదస్సులో ఆఫ్రికాకు 1,000 కోట్ల డాలర్ల చౌక రుణాలు, 50 వేల స్కాలర్‌షిప్పులు ప్రకటించారు. 2023 సెప్టెంబరులో ఆఫ్రికా దేశాల కూటమి ఆఫ్రికన్ యూనియన్‌ని జీ20లో కూర్చోబెట్టిందీ మనమే. బాగుంది. కానీ అంతకు ముందు జులైలోనే ఆఫ్రికా వాళ్లు మన దగ్గర కొనే బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేశాం, ఆగస్టులో ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేశాం. కాకినాడ యాంకరేజ్‌లో ఓడలు సముద్రంలోనే ఆగుతాయి, బస్తాలు బార్జీల (సరుకు మోసే బల్లపరుపు పడవల) మీద వెళ్లి ఎక్కాలి. అప్పటికే లోడింగ్ మొదలైన తెల్లబియ్యం ఓడల్ని వదిలారు గానీ, రేటు కుదిరి మిల్లులోనే ఉన్న సరుకు సంగతి ఎవరికీ పట్టలేదు. ఉప్పుడు బియ్యానికైతే ఆ సుంకం ఎవరు కట్టుకోవాలని పశ్చిమాఫ్రికా దేశం బెనిన్‌లో కొనే పార్టీ నుంచి ఫోన్ల మీద ఫోన్లు, ఆ టెన్షన్ పడ్డవాళ్లకే తెలుసు.

నూకల సంగతి ఇంకా విచిత్రం. మన దగ్గర నూకలంటే జావకో కోళ్లకో. సెనెగల్‌లో మాత్రం చేపలతో వండుకునే వాళ్ల ముఖ్యమైన వంటకానికి ఏరికోరి నూకలే కొంటారు. 2022 సెప్టెంబరులో వాటి ఎగుమతి నిషేధించినప్పుడు చెప్పిన కారణాల్లో కోళ్ల మేత ఖరీదు ఒకటి, ఇథనాల్ ఇంకోటి. మా అనపర్తి కోళ్లఫారాల వాళ్లు హమ్మయ్య అనుకున్నారు, వాళ్లనీ తప్పు పట్టలేం. సెనెగల్ రాజధాని డకార్‌లో అన్నానికీ అనపర్తిలో గుడ్డుకీ పోటీ వస్తే, ఓట్లున్నది అనపర్తిలోనే కదా!

నిషేధం ఉన్నప్పుడూ ఆయా ప్రభుత్వాలు అడిగితే తెల్లబియ్యం కోటా ఇచ్చారు, కాదనను. 2023 అక్టోబరులో కామెరూన్‌కి 1.9 లక్షల టన్నులు, గినియాకి 1.42 లక్షల టన్నులు, అదీ ఒక జాతీయ సహకార సంస్థ ద్వారానే. అంటే నిన్నటిదాకా డబ్బిచ్చి కొన్నవాళ్లు అప్పుడు ఉత్తరం రాసి అడగాల్సి వచ్చింది. దీన్ని సాయం అని మనం చెప్పుకుంటే వాళ్లకి ఎలా ఉంటుంది?

2024 సెప్టెంబరులో తెల్లబియ్యం, 2025 మార్చిలో నూకలు మళ్లీ ఎగుమతికి వదిలారు. నన్నడిగితే కొత్త రుణాల కన్నా ముందు, ఒప్పందం అయిపోయిన సరుకు జోలికి రామని రాతపూర్వకంగా ఒక హామీ ఇవ్వాలి.