మీ అన్నయ్యకి నోరు తెరిచి చెప్పు

చిన్నా,

నీ మెసేజ్ చదివాను. అన్నయ్యతో మాట్లాడితే గొడవవుతోంది, మాట్లాడకపోతే లోపల ఉడికిపోతున్నా, ఏం చెయ్యమంటావు పెద్దమ్మా అని అడిగి, కింద వాడికి పంపాలనుకుంటున్న ఆ పొడుగాటి మెసేజ్ కూడా పెట్టావు. ముందు ఒక్క మాట చెప్తా విను. అది పంపకు. అందులో ఉన్న బాధ నిజమే, నువ్వు రాసినవాటిలో అబద్ధం ఒక్కటీ లేదు, మీ అమ్మని ఇన్నాళ్ళూ నువ్వొక్కడివే చూసుకుంటున్నావని నాకు తెలుసు. అయినా సరే, అది అలాగే వెళ్తే మీరిద్దరూ ఇంకో ఏడాది ఎడమొహం పెడమొహంగా ఉంటారు, మధ్యలో నలిగేది మీ అమ్మ.

ఇన్నేళ్ళు కౌన్సెలింగ్ గదిలో కూర్చుని భార్యాభర్తల్ని, అన్నదమ్ముల్ని, తల్లీకూతుళ్ళని చూసినదాన్ని. డబ్బు, ఆస్తి, పెద్దవాళ్ళ బాగోగులు, ఈ తగవులు లేని ఇల్లు నాకు కనపడలేదు, అవి ఉన్నా కలిసిమెలిసి ఉన్నవాళ్ళు బోలెడుమంది. విడిపోయినవాళ్ళలో మాత్రం మళ్ళీ మళ్ళీ ఒకటే విన్నాను. "అది కూడా నేనే చెప్పాలా? వాడికి తెలీదా?" బయటివాళ్ళ దగ్గరైతే ఏం కావాలో విడమరిచి చెప్తాం. సొంతవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెప్పకుండానే అర్థం చేసుకోవాలనుకుంటాం, అర్థం చేసుకోకపోతే అది ప్రేమ లేకపోవడం కింద లెక్క వేసేస్తాం.

నీ మెసేజ్ మళ్ళీ ఒకసారి చూసుకో. "అమ్మని హాస్పిటల్‌కి ఎవరు తిప్పుతున్నారో నీకు తెలీదా", "నా సెలవులన్నీ అయిపోయాయని నీకు తెలీదా", "వదినకైనా అనిపించలేదా". నిజంగానే తెలీదు నాన్నా. నువ్వెప్పుడు చెప్పావు? వాడు ఫోన్ చేసినప్పుడల్లా "అంతా బాగానే ఉందన్నయ్యా, నేను చూసుకుంటున్నాగా" అన్నావు. వాడు ఆ మాట నమ్మాడు. నమ్మడం సుఖంగా కూడా ఉంటుంది కదా, అందుకని ఇంకాస్త గట్టిగా నమ్మాడు, అందులో వాడి తప్పు లేదని నేననను. కానీ నీ గొంతులో అలసట ఉంది, వాడు పట్టుకోవాల్సింది అంటావే, అది మాత్రం అన్యాయం.

నా దగ్గరికి వచ్చినవాళ్ళకి ఒక ప్రయోగం గురించి తరచుగా చెప్పేదాన్ని. 1990లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఎలిజబెత్ న్యూటన్ అనే విద్యార్థిని చేసింది. కొంతమందిని అందరికీ తెలిసిన పాట ఒకటి మనసులో అనుకుని, దాని తాళం మాత్రం బల్ల మీద వేలితో కొట్టమంది. ఎదురుగా కూర్చున్నవాళ్ళు అదేం పాటో చెప్పాలి. కొట్టేవాళ్ళు సగానికి సగం కనిపెట్టేస్తారులే అనుకున్నారు. 120 పాటలు కొడితే సరిగ్గా చెప్పగలిగింది మూడే మూడు. కొట్టేవాడికి లోపల పాటంతా వినిపిస్తూనే ఉంటుంది, మాటలతో సహా, అందుకని ఎదుటివాడికి ఎందుకు తెలియట్లేదో అర్థం కాదు. ఎదుటివాడికి వినిపించేది వట్టి టకటక. నువ్వు ఫోన్‌లో "సరేలే, చూద్దాం" అన్నప్పుడు నీ లోపల ఎంత మోగిందో నీకే తెలుసు. వాడు విన్నది "సరేలే, చూద్దాం" మాత్రమే.

మేం కొత్తవాళ్ళం కాదుగా, చిన్నప్పటినుంచీ ఒకే ఇంట్లో పెరిగాం అంటావేమో. అక్కడే ఇంకా ఎక్కువ మోసపోతాం. 2011లో సావిట్‌స్కీ, కైసర్, ఎప్లీ అనే పరిశోధకులూ వాళ్ళ బృందమూ పెళ్ళైన జంటల్ని కుర్చీల్లో వీపులు అటూ ఇటూ తిప్పి కూర్చోబెట్టి, రెండు మూడు అర్థాలొచ్చే మామూలు వాక్యాలు ఒకరి చేత చెప్పించారు. ఆ మాటల అర్థం పట్టుకోవడంలో కట్టుకున్నవాళ్ళు ముక్కూ మొహం తెలియనివాళ్ళకంటే మెరుగ్గా ఏమీ చేయలేదు. కానీ చెప్పేవాళ్ళు మాత్రం "నావాళ్ళకి అర్థమైపోయి ఉంటుంది" అని చాలా ధీమాగా ఉన్నారు. దగ్గరితనం పెరిగినకొద్దీ ధీమా పెరుగుతుంది, విడమరిచి చెప్పడం తగ్గుతుంది. కాబట్టి అన్నయ్యకి కొత్తవాడికి చెప్పినట్టే చెప్పు, తారీఖులతో సహా.

ఇక ఎలా చెప్పాలి. టైప్ చేసి పంపొద్దు అన్నాను కదా, దానికి కారణం ఉంది. 2005లో జస్టిన్ క్రూగర్ వాళ్ళు ఈమెయిళ్ళ మీద చేసిన ప్రయోగంలో, తాము రాసింది వెటకారమో మామూలుగా అన్నదో అవతలివాళ్ళు 78 శాతం సార్లు పట్టేస్తారని రాసినవాళ్ళు అనుకున్నారు. నిజానికి పట్టింది 56 శాతం, అంటే కళ్ళు మూసుకుని ఊహించినదానికంటే కాస్త నయం, అంతే. అదే గొంతుతో చెప్పినప్పుడు వాళ్ళ అంచనా చాలావరకు నిజమైంది. నువ్వు ఏడుపు ఆపుకుంటూ రాసిన వాక్యాన్ని వాడు మీటింగ్ మధ్యలో చదువుకుని, వీడు నన్ను నిలదీస్తున్నాడు అనుకోవడానికి క్షణం పట్టదు. మెసేజ్‌లో ఒక్కటి మాత్రం రాయి. "అన్నయ్యా, అమ్మ విషయం నీతో ఓ అరగంట తీరిగ్గా మాట్లాడాలి, ఎప్పుడు వీలవుతుంది?" అంతకుమించి ఒక్క అక్షరం వద్దు. వాడు అప్పటికప్పుడు "ఏంటి విషయం" అని తిరిగి మెసేజ్ పెడితే, "కంగారేం లేదు, ఫోన్‌లో చెప్తా" అను. వీలైతే ఎదురెదురుగా కూర్చోండి, కుదరకపోతే వీడియో కాల్, అదీ కాకపోతే మామూలు కాల్.

ఇక్కడే ఇంకో సంగతి. మనం చెప్పేదాంట్లో మాటల విలువ 7 శాతమే, మిగతాదంతా గొంతూ హావభావాలూ అని ఎక్కడ పడితే అక్కడ చెప్తుంటారు, నువ్వూ వినే ఉంటావు. అది నమ్మకు. ఆ లెక్క 1967లో ఆల్బర్ట్ మెహ్రాబియన్ చేసిన ప్రయోగాలనుంచి వచ్చింది, వాటిలో చూసింది మాటా గొంతూ మొహమూ ఒకదానికొకటి పొంతన లేనప్పుడు ఇష్టాయిష్టాలు దేన్నిబట్టి పసిగడతాం అన్నది మాత్రమే. మామూలు సంభాషణలన్నిటికీ అది వర్తించదని ఆయనే చెప్పాడు. నువ్వు ఎంచుకునే మాటలు చాలా ముఖ్యం. ముఖ్యంగా మొదటి నాలుగు మాటలు.

ఎందుకంటే మాట ఎలా మొదలైతే చాలావరకు అలాగే ముగుస్తుంది. జాన్ గాట్‌మన్, సిబిల్ కరేర్ కలిసి 1999లో ప్రచురించిన పరిశోధనలో, కొత్తగా పెళ్ళైన 124 జంటల చేత వాళ్ళ మధ్య నలుగుతున్న ఒక గొడవ గురించి పావుగంటసేపు మాట్లాడించి రికార్డు చేశారు. తర్వాత ఎవరు విడిపోతారన్నది మొదటి మూడు నిమిషాలు చూసే అంచనా వేయగలిగారు. వాళ్ళు భార్యాభర్తలే కావచ్చు, నా గదిలో అన్నదమ్ముల దగ్గరా నేను చూసింది ఇదే. మొదటి మాటే దెప్పిపొడుపైతే రెండోవాడి బుర్ర అక్కడితో విషయాన్ని వదిలేసి, తనను తాను కాపాడుకునే పనిలో పడుతుంది.

నీ మెసేజ్‌లో మొదటి వాక్యం తీసుకుందాం. "నువ్వెప్పుడూ ఇంతే, అన్నీ నా నెత్తిన పడేసి చేతులు దులుపుకుంటావ్." దీనికి వాడేం జవాబిస్తాడో నేను ఇప్పుడే చెప్పగలను. ఫలానా ఏడాది ఆపరేషన్‌కి డబ్బు కట్టింది నేను కాదా అంటాడు. "ఎప్పుడూ" అన్నావు కాబట్టి ఒక్కటంటే ఒక్కటి చూపిస్తే చాలు, నువ్వు అబద్ధం చెప్పినట్టైపోతుంది. ఇక ఆ అరగంటా ఆపరేషన్ డబ్బు గురించే. అదే మాటని ఇలా చెప్పి చూడు: "అన్నయ్యా, పోయిన మూడు నెలల్లో అమ్మని ఏడుసార్లు హాస్పిటల్‌కి తీసుకెళ్ళాను, ఏడుసార్లూ సెలవు పెట్టాల్సొచ్చింది, ఇప్పుడు సెలవులు లేవు. నేను బాగా అలసిపోయాను, నాకు భయంగా కూడా ఉంది." ఇందులో కాదనడానికి ఏముంది? జరిగింది జరిగినట్టు చెప్పావు, నీకెలా ఉందో చెప్పావు, వాడెలాంటివాడో తీర్పు చెప్పలేదు. భయంగా ఉంది అనడం నీకు నామోషీగా ఉండొచ్చు. కానీ వాడికి కొత్తగా తెలిసేది అదొక్కటే, అది దాచేస్తే ఇంకేం చెప్పినట్టు?

ఆ తర్వాత ఏం కావాలో అడుగు. "కాస్త పట్టించుకో" అంటే వాడు రోజూ ఫోన్ చేసి అమ్మ ఎలా ఉందని అడుగుతాడు, నీకింకా ఒళ్ళు మండుతుంది. "వచ్చే రెండు చెకప్‌లకీ నువ్వు రావాలి, లేదా మనిషిని పెట్టుకోవడానికి సగం డబ్బు నువ్వివ్వాలి" అను. అలా అడిగితేనే వాడు అవుననో కాదనో చెప్పగలడు.

మెసేజ్ చివర్లో రాసిన "నువ్వు పెద్ద ఆఫీసరువి, నీకు మాలాంటివాళ్ళం ఎక్కడ కనిపిస్తాం" అన్న వాక్యాన్ని మాత్రం మనసులోంచి కూడా తీసెయ్. కోపం ఫరవాలేదు చిన్నా, అన్నదమ్ముల మధ్య కోపం అరిగిపోతుంది. వెక్కిరింపు అరగదు. కాపురాలు కూలడానికి అన్నిటికంటే పెద్ద గుర్తు చులకనగా మాట్లాడటమేనని గాట్‌మన్ తేల్చాడు, నేనూ చూశాను. అరుచుకుని ఏడ్చుకుని మళ్ళీ కలిసినవాళ్ళున్నారు గానీ, పెదవి విరిచి మాట్లాడుకోవడం మొదలుపెట్టినవాళ్ళు తిరిగి కలవడం చాలా తక్కువ.

ఇప్పుడు కష్టమైన భాగం, వినడం. నువ్వు చెప్పడం అయ్యాక వాడూ ఏదో చెప్తాడు, అది నీకు నచ్చదు. కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వవేత్త 1950లలోనే ఒక నియమం చెప్పాడు: అవతలివాళ్ళు అన్నదాన్ని నీ మాటల్లో తిరిగి చెప్పు, వాళ్ళు "అవును, నేనన్నది అదే" అన్నాకే నీ మాట మొదలుపెట్టు. వినడానికి చాలా సులువుగా ఉంది కదా. ఒకసారి ఇద్దరు అక్కచెల్లెళ్ళు వచ్చారు, అమ్మ నగలు అమ్మిన విషయంలో మాటల్లేవు. అక్క చెప్పింది, చెల్లెల్ని తిరిగి చెప్పమన్నాను. "నీకు వాటా తక్కువొచ్చిందంటున్నావు" అంది చెల్లెలు. కాదు అంది అక్క. "నేను తొందరపడి తక్కువకి అమ్మేశానంటున్నావు." కాదు. చెల్లెలు చాలాసేపు ఆలోచించింది. "నిన్ను అడక్కుండా అమ్మాననా?" అక్క తలూపి ఏడ్చేసింది. అన్నాళ్ళుగా చెల్లెలు అక్కకి డబ్బు లెక్కలు పంపుతూనే ఉంది, రసీదులతో సహా, అక్క ఎన్నడూ అడగని లెక్కలు.

కాబట్టి వాడు "నాకు మాత్రం ఖాళీ ఎక్కడుంది" అంటే వెంటనే నీ ఖాళీ లేనితనం చెప్పకు. "ఆఫీసులో ఒత్తిడి బాగా ఉందంటావు, అంతేనా?" అని అడుగు. వాడి మాట ఒప్పుకున్నట్టు కాదు అది, విన్నట్టు. ఇలా ఎంత జాగ్రత్తగా అడిగినా కొన్నిసార్లు మాటా మాటా పెరుగుతుంది. గుండె దడదడ కొట్టుకోవడం తెలుస్తుంటే, నాడి నిమిషానికి వంద దాటిందంటే, ఇక ఆ పూట నువ్వేమీ వినలేవు, వాడు చెప్పే మంచిమాట కూడా దాడిలాగే అనిపిస్తుంది. అప్పుడు ఆపెయ్. కానీ ఫోన్ పెట్టేసి మాయమైపోకు, "నాకు కోపం వచ్చేస్తోందన్నయ్యా, అరగంట ఆగి నేనే చేస్తా" అని చెప్పి పెట్టు, చెప్పినట్టే చెయ్. ఒళ్ళు చల్లబడటానికి కనీసం ఇరవై నిమిషాలైనా పడుతుంది, ఆ ఇరవై నిమిషాలూ వాడి తప్పులు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే మాత్రం గంటైనా చల్లబడవు.

ఇంకొకటి, ఇది తర్వాత పని. మీ ఇద్దరి మధ్య ఫోన్లన్నీ సమస్య వచ్చినప్పుడే. వాడికి ప్రమోషన్ వస్తే "కంగ్రాట్స్" అని ఒక్క ముక్క పెట్టి ఊరుకున్నావట, మీ వదిన నాతో అంది. షెల్లీ గేబుల్ అనే పరిశోధకురాలు చేసిన పనిలో చాలా భాగం దీని మీదే: కష్టం చెప్పుకున్నప్పుడు ఎలా ఓదారుస్తాం అన్నదే కాదు, మంచి కబురు చెప్పినప్పుడు ఎంత ఆసక్తిగా వింటాం అన్నది కూడా బంధాన్ని నిలబెడుతుంది. ఎలా వచ్చింది, ఎవరు చెప్పారు, ఏమనిపించింది అని నాలుగు ప్రశ్నలు అడగడానికి ఏం ఖర్చవుతుంది?

ఇవన్నీ చేసినా వాడు కాదనొచ్చు, ఆ సంగతి ముందే తెలిసుండాలి. ఎదుటి మనిషి కొడుతున్నా, భయపెడుతున్నా, కావాలనే వాడుకుంటున్నా మాటతీరు మార్చుకుంటే సరిపోతుందని నేను ఎవరికీ చెప్పను, అలాంటి చోట చేయాల్సింది దూరం జరగడం. మీ అన్నయ్య అలాంటివాడు కాదు, నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. అయినా "నా వల్ల కాదురా" అంటే, బతిమాలకు, శాపనార్థాలూ పెట్టకు. "సరే అన్నయ్యా, నువ్వు రాలేవని అర్థమైంది, అయితే నేను మనిషిని పెడతాను, నెలాఖరుకి లెక్క నీకు చెప్తాను" అని అక్కడితో ఆపి, ఆ మర్నాడే మనిషిని వెతకడం మొదలుపెట్టు. ఒకటి రెండు వారాలు పోయాక మళ్ళీ ఒకసారి వాడే ఫోన్ చేస్తే పాత సంభాషణ తవ్వకుండా మాట్లాడు. మీ అమ్మకి మాత్రం ఇదేదీ మోయకు, ఎవరేమన్నారో ఆవిడతో చెప్పొద్దు.

ప్రేమతో,
పెద్దమ్మ