ఆర్డెన్, ఆర్డర్న్: రెండూ ఒకే ఇంటిపేరా?

సందేహం: మా తాతగారి పుస్తకాల్లో ఎ.హెచ్. ఆర్డెన్ అనే ఇంగ్లీషాయన రాసిన తెలుగు వ్యాకరణం ఒకటి ఉంది. న్యూజిలాండ్ మాజీ ప్రధాని జసిండాది కూడా ఇదే ఇంటిపేరా? ఆవిడ పేరు పత్రికల్లో ఆర్డెన్, ఆర్డెర్న్, ఆర్డర్న్ అని మూడు రకాలుగా కనిపిస్తోంది. ఏది సరైనది? ఇది 'ఆర్డెంట్' అనే మాట నుంచి వచ్చిందని ఒకరన్నారు, నిజమేనా? 'ఆర్డెన్‌కు' అని రాయాలా, 'ఆర్డెనుకు' అని రాయాలా? – ఒక పాఠకురాలు, మచిలీపట్నం

సమాధానం: ముందుగా ఒక మాట చెప్పాలండీ. ఈ ప్రశ్న మచిలీపట్నం నుంచే రావడం నాకు చాలా సంతోషంగా ఉంది, ఎందుకంటే ఆల్బర్ట్ హెన్రీ ఆర్డెన్ పనిచేసింది మీ ఊళ్లోనే. చర్చ్ మిషనరీ సొసైటీ తరఫున వచ్చి బందరులో ఉన్నారు. ఆయన వ్యాకరణం 1873లో మద్రాసులో అచ్చయింది. ఇంగ్లీషువాళ్లకు తెలుగును మెట్టుమెట్టుగా, పాఠం తర్వాత పాఠంగా నేర్పించే పుస్తకం అది, పేరులోనే 'ప్రోగ్రెసివ్ గ్రామర్' అని ఉంటుంది. 1891లో తమిళానికి కూడా అలాంటిదే రాశారు. మీ తాతగారి ప్రతిని దయచేసి చెదలు పట్టనివ్వకండి, స్కాన్ చేయించి పెట్టుకోండి.

ఇక పేరు సంగతి. ఇది ఊరిపేరు నుంచి, ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఒక ప్రాంతం పేరు నుంచి వచ్చిన ఇంటిపేరు. ఇంగ్లండ్ నడిబొడ్డున వార్విక్‌షైర్ ఉంది. క్రికెట్ చూసేవాళ్లకు ఎడ్జ్‌బాస్టన్ గుర్తొస్తుంది, ఆ కౌంటీ జట్టు సొంత మైదానం అదే. అక్కడ ఏవన్ నదిని హద్దుగా పెట్టుకుని పూర్వం జిల్లాను రెండుగా చెప్పుకునేవారు. దక్షిణాన పొలాలు పరుచుకున్న మైదానం ఫెల్డన్, ఉత్తరాన చెట్లూ చేమలతో నిండిన ఆర్డెన్. ఇవాళ బర్మింగ్‌హామ్ నగరం ఉన్నది ఆ పాత ఆర్డెన్ నేల మీదే. హెన్లీ ఇన్ ఆర్డెన్, హాంప్టన్ ఇన్ ఆర్డెన్, టాన్‌వర్త్ ఇన్ ఆర్డెన్ అని ఊళ్ల పేర్లలో ఆ మాట ఇప్పటికీ బతికే ఉంది. ఫలానా హెన్లీ ఎక్కడిదంటే ఆర్డెన్‌లోది అని చెప్పడం కోసం అలా తగిలించారు.

ఆ మాటకు అర్థం విషయంలో పాత పండితుల్లో కొందరు ఒకటి చెప్పారు, ఇప్పటివాళ్లలో ఎక్కువమంది ఇంకొకటి చెబుతారు. పాత ఇంగ్లీషులో 'నివాసపు ఇల్లు' అనే అర్థం ఉన్న సమాసం ఒకటుంది, అందులోంచి ఇది వచ్చిందని మొదటి మాట. ఇంగ్లీషు ఆ దీవికి రాకముందు అక్కడ మాట్లాడిన కెల్టిక్ భాషలో 'ఎత్తయిన' అనే అర్థమున్న 'అర్దు' అనే ధాతువులోంచి వచ్చిందని రెండోది. నాకు రెండోదే బలంగా కనిపిస్తుంది, కారణం ఒక్క ఇంగ్లండ్‌లోనే ఆగదు. ఐరిష్ భాషలో ఇవాళ్టికీ 'ఆర్డ్' అంటే ఎత్తు, ఐర్లండ్ ఊళ్ల పేర్లలో అది బోలెడన్ని చోట్ల కనిపిస్తుంది. బెల్జియం, లక్సెంబర్గ్, ఫ్రాన్స్ కలిసే చోట ఉన్న ఆర్డెన్ కొండల పేరు, 1944 చివర్లో జర్మన్లు ఆఖరి పెద్ద దాడి చేసిన ఆ అడవుల పేరు, సీజర్ కాలంలో అర్దుయెన్నా. అదీ ఈ కుటుంబంలోదే. కొండ ప్రాంతానికి ఒకటీ, అంత ఎత్తు లేకపోయినా పక్క మైదానంకంటే మెరకగా ఉన్న అడవికి ఒకటీ, ఒకే మాట నిలిచిపోయింది.

మీకు 'ఆర్డెంట్' అని చెప్పినవారు ధ్వని చూసి మోసపోయారు. ఆ మాట లాటిన్‌లో 'మండు' అనే క్రియలోంచి వచ్చింది, దీనికీ దానికీ చుట్టరికం లేదు. వరసైనది మరొకటి ఉంది, 'ఆర్డ్యుయస్'. కష్టసాధ్యమైన అని ఇప్పుడు వాడుతున్నాం కానీ దాని మూలంలో ఉన్న లాటిన్ మాటకు అర్థం నిటారుగా ఉన్నది, ఎత్తయినది అని. భాషాశాస్త్రజ్ఞులు కెల్టిక్ 'అర్దు'తో జతకట్టేది దాన్నే.

అడవి పేరు మనిషి పేరెలా అయింది? ఇక్కడ విషయం బాగా రుచిగా ఉంటుంది, కాస్త ఆగుదాం. 1066లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండ్‌ను గెలిచాక అక్కడి పాత భూస్వాముల్లో చాలామంది భూములు ఊడిపోయాయి. మిగిలిన అతికొద్దిమందిలో వార్విక్‌షైర్‌కు చెందిన థర్కిల్ ఒకడు. 1086 నాటి డూమ్స్‌డే భూమి లెక్కల్లో అతని పేరిట ఊళ్లకు ఊళ్లు ఉన్నాయి. తర్వాత అవి చాలావరకు వార్విక్ ఎర్ల్ అనే బిరుదున్న ప్రభువు చేతికి పోయాయి, అతని సంతతివాళ్లు ఆ ఎర్ల్ కిందే భూములు అనుభవించారు. ఈ థర్కిల్ తనను తాను 'థర్కిల్ డి ఎయార్డెన్' అని రాసుకున్నాడని, నార్మన్లను చూసి ఇంటిపేరు పెట్టుకున్న మొదటి ఇంగ్లీషువాళ్లలో ఒకడని 17వ శతాబ్దంలో వార్విక్‌షైర్ చరిత్ర రాసిన డగ్‌డేల్ చెప్పాడు. నార్మన్ విజయానికి ముందు నుంచీ మగ సంతతి వరస తెగకుండా చూపించగలిగిన ఇంగ్లీషు కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వాటిలో ఆర్డెన్‌లది ఒకటి.

ఆ 'డి' ఉంది చూశారూ, అది ఫ్రెంచి మాట, ఫలానా చోటికి చెందిన అని. కాలక్రమంలో ఇంగ్లీషువాళ్లు దాన్ని వదిలేశారు, ఉత్త ఆర్డెన్ మిగిలింది. మనం మాత్రం ఆ పని చేసే ప్రత్యయాన్ని వదలలేదు. కందుకూరు, వేటూరు ఊళ్లు, కందుకూరి, వేటూరి ఇంటిపేర్లు. విభక్తి చేరే ముందు మాట రూపు మారడాన్ని ఔపవిభక్తికం అంటారు, ఊరు 'ఊరి' కావడం అదే, ఆ చివరి ఇకారమే అక్కడ 'డి' చేసిన పని చేస్తోంది. కాబట్టి ఇంటిపేరు అనే తెలుగు మాట ఆర్డెన్‌కు నిస్సంకోచంగా వాడొచ్చు.

తేడా వాడుకలో ఉంది. వీరేశలింగంగారు అంటాం, ఉత్త కందుకూరిగారు అనడం తక్కువ. ఇంగ్లీషువాళ్ల విషయంలో దీనికి పూర్తిగా తిరగేసి, ఇంటిపేరుకే 'గారు' చేరుస్తాం. ఆర్డెన్‌గారు, బ్రౌన్‌గారు. పొడి అక్షరాలు కూడా అంతే, జి.వి. రామమూర్తిలో మొదటి అక్షరం గిడుగు అనే ఇంటిపేరు, ఎ.హెచ్. ఆర్డెన్‌లో రెండక్షరాలూ పెట్టిన పేర్లే. గ్రంథసూచికలు తయారుచేసే విద్యార్థులు ఇక్కడే తడబడి ఆయన్ని 'ఎ' కింద వేస్తున్నారు, 'ఆ' కింద వేయాలి.

ఆర్డెన్‌లలో అందరికంటే పేరున్న మనిషి షేక్‌స్పియర్ తల్లి మేరీ ఆర్డెన్. స్ట్రాట్‌ఫర్డ్ దగ్గర విల్మ్‌కోట్ ఆవిడ ఊరు. తండ్రి రాబర్ట్ 1556లో చనిపోతూ కొంత భూమి ఈ కూతురికి రాసిచ్చాడు. కొడుకు ఒక నాటకాన్ని ఆర్డెన్ అడవిలో నడిపాడు, అది ఫ్రెంచి అడవా అమ్మగారి ఊరి అడవా అని ఇంగ్లీషు పండితులు ఇప్పటికీ మాట్లాడుకుంటూ ఉంటారు. విల్మ్‌కోట్‌లో మేరీ ఆర్డెన్ ఇల్లని ఏళ్ల తరబడి జనం చూసి వెళ్లిన ఇల్లు నిజానికి పక్కింటివాళ్లదని 2000లో పాత దస్తావేజుల వల్ల తేలింది. అసలు ఇల్లు ఆ పక్కనే, అప్పటిదాకా గ్లీబ్ ఫార్మ్ అనే పేరుతో ఉన్నది. పేరున్న కుటుంబం ఇంటికే ఇలా జరిగితే మామూలు కుటుంబాల మూలాల గురించి విన్నదల్లా నమ్మకూడదని నేను మా విద్యార్థులకు చెబుతుంటాను.

ఇప్పుడు న్యూజిలాండ్ వైపు వద్దాం. ఆర్డర్న్ అనేది ఆర్డెన్‌కు రూపాంతరమే. మధ్యయుగపు పత్రాల్లో ఆ వార్విక్‌షైర్ అడవినే రెండు రకాలుగానూ రాసేవారు. చివర ర్న్ ఉన్న రూపం వాయవ్యాన చెషైర్‌లో పాతుకుపోయింది. ఆల్వన్లీ, స్టాక్‌పోర్ట్ చుట్టుపక్కల భూములున్న ఆర్డెర్న్ కుటుంబం దానికి కారణం. స్టాక్‌పోర్ట్ పక్కన బ్రెడ్‌బరీలో వాళ్ల పాత భవనం శిథిలాలున్నాయి, దాన్ని ఆర్డెన్ హాల్ అనీ హార్డెన్ హాల్ అనీ రెండు పేర్లతోనూ పిలుస్తారు. ఆ వంశంలోనే పుట్టి 18వ శతాబ్దం చివర పెద్ద న్యాయమూర్తి అయినాయన పేరు మళ్లీ రిచర్డ్ పెప్పర్ ఆర్డెన్, చివర ర్న్ లేదు. అంటే ఒక కుటుంబంలోనే రెండు రాతలు. ఊరి చర్చిలో బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాసిపెట్టే పారిష్ రిజిస్టర్లు 1538లో మొదలయ్యాయి, వాటిలో పేరు రాసేది చర్చి మనిషి, తన చెవికి ఎలా వినిపిస్తే అలా రాశాడు. ఈ రోజుకీ ఇంగ్లండ్‌లో ఆర్డర్న్ అనే పేరు ఎక్కువగా ఉన్నది చెషైర్‌లోనూ, ఆనుకుని ఉన్న పాత లాంకషైర్‌లోనూ. యార్క్‌షైర్ ఉత్తరాన హాన్బీ దగ్గర కూడా ఆర్డెన్ అనే చిన్న చోటు ఉంది, 12వ శతాబ్దంలో అక్కడ సన్యాసినుల మఠం ఉండేది. కాబట్టి ఆ వైపు ఆర్డెన్‌లందరినీ వార్విక్‌షైర్‌కు కట్టేయనక్కర్లేదు. ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన చుట్టాలు కారు.

ఇంత అరుదైన పేరు న్యూజిలాండ్ పార్లమెంటులో ఒకేసారి ఇద్దరికి ఉండేది. 2008లో జసిండా లేబర్ పార్టీ నుంచి సభలో అడుగుపెట్టేసరికి నేషనల్ పార్టీలో షేన్ ఆర్డర్న్ ఉన్నాడు, 2014 దాకా ఇద్దరూ సభ్యులే. 2017 నుంచి 2023 దాకా ఆవిడ ప్రధాని కావడంతో, అంతకుముందు మనవాళ్లు ఎవరూ వినని ఈ పేరు తెలుగు పత్రికలకెక్కింది, మీ సందేహమూ పుట్టింది.

మరో జాగ్రత్త. ఫోన్‌లో ఇంటిపేర్ల మ్యాప్ చూసి అమెరికాలో ఆర్డెన్‌లు ఇంతమంది, వీళ్లంతా ఫలానా అడవివాళ్లు అనుకోకండి. సౌందర్య సాధనాల ఎలిజబెత్ ఆర్డెన్ అసలు పేరు ఫ్లారెన్స్ నైటింగేల్ గ్రాహమ్, కెనడాలో పుట్టింది, 1910లో న్యూయార్క్‌లో సెలూన్ తెరిచాక ఆ పేరు పెట్టుకుంది. ఈవ్ ఆర్డెన్ అనే సినిమా నటి ఇంటిపేరు కూడా పుట్టుకతో వచ్చింది కాదు. వినడానికి హుందాగా ఉండటంతో జనం కోరి పెట్టుకున్న పేరు ఇది.

తెలుగులో ఎలా రాయాలి? ఇంగ్లండ్ దక్షిణాదివాళ్ల నోట ఆర్డెన్‌లో ర్ వినిపించదు, రెండో అక్షరంలో అచ్చు కూడా 'ఎ' కాదు, దాదాపు 'ఆడన్' అన్నట్టుంటుంది. అయినా అలా రాయమని నేను చెప్పను. వాళ్లు వారిక్‌షైర్ అన్నా మనం వార్విక్‌షైర్ అని రాస్తున్నాం, అందరికీ తెలుస్తోంది. తెలుగు రాత విదేశీ పేర్ల అక్షరాలను గౌరవిస్తూ వచ్చింది, అదే మంచి పద్ధతి. కాబట్టి వ్యాకరణకర్తకు ఆర్డెన్, అది స్థిరపడిన రూపం. ప్రధానికి నా ఓటు ఆర్డర్న్. ఆవిడ పేరు పలికేటప్పుడు ఊనిక రెండో భాగం మీద పడుతుంది, అక్కడున్న అచ్చు 'టర్న్', 'బర్న్' మాటల్లో ఉన్నదే, వాటిని మనం అకారంతోనే రాస్తున్నాం కదా. ఆర్డెర్న్ తప్పు కాదు, అక్షరాలను బట్టి రాసింది. ఆర్డెన్ అని రాస్తే మాత్రం తప్పే, ఆవిడ ఇంటిపేరు మార్చేసినట్టు. ఆ రూపం ఎందుకొచ్చిందో ఊహించడం కష్టం కాదు, చివర ర్న్ మన నాలుకకు ఎక్కదు. 'మోడర్న్'ను ఊళ్లల్లో అందరూ 'మోడ్రన్' చేసుకున్నారు కదా, ఇక్కడ ఏకంగా ఒక ర్ జారిపోయింది.

ఆఖరిది, ఆర్డెన్‌కు, ఆర్డెనుకు. పాత తెలుగులో హల్లుతో ముగిసే పరాయి పేరుకు ఉకారం చేర్చడం మామూలు, కాటను దొర, బ్రౌను దొర అన్నది అందుకే. గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్ల నోట కాటను దొర ఇప్పటికీ వినొచ్చు. ఆ పద్ధతిలో ఆర్డెనుకు, ఆర్డెనును అన్నా వ్యాకరణ దోషం ఏమీ లేదు. ఇవాళ్టి పత్రికల భాషలో ఆర్డెన్‌కు, ఆర్డెన్‌ను, ఆర్డెన్‌తో అంటే చాలు. ఒక వ్యాసంలో రెండూ కలపకుండా ఉంటే సరి. టైపు చేసేటప్పుడు 'న్'కూ 'కు'కూ మధ్య అవి అతుక్కోకుండా ఆపే కీ ఒకటుంటుంది, అది నొక్కకపోతే తెర మీద 'ఆర్డెన్కు' అని పడి న కింద కవత్తు వచ్చేస్తుంది, చూసుకోండి.