రోజూ తిరిగే 1.6 లీటర్ల పెట్రోల్ కారుకి 4-1 హెడరా, 4-2-1 హెడరా?

టర్బో లేని ఇంజన్, రోజూ రోడ్డు మీద తిరిగే కారు, రెండిట్లో ఏ హెడర్ వేయాలి అని కదా ప్రశ్న. హెడర్ అంటే ఇంజన్ నుంచి పొగని బయటికి తెచ్చే పైపుల గుత్తి. 4-1లో నాలుగు పైపులూ ఒకేచోట ఒకటవుతాయి, 4-2-1లో ముందు రెండేసి కలిసి, తర్వాత ఆ రెండూ ఒకటవుతాయి. 4-2-1 వేయండి. ఇందులో తటపటాయించాల్సిందేమీ లేదు. నిజానికి ఈ 4-1, 4-2-1 గొడవ కంటే కొనబోయే హెడర్‌కి ఫ్లాంజ్ (ఇంజన్‌కి బిగించే ప్లేటు) ఎంత మందం ఉంది, పొగలో ఆక్సిజన్‌ని కొలిచే ఆక్సిజన్ సెన్సర్‌కి చోటు ఎక్కడ పెట్టారు అన్నది చాలా ముఖ్యం. అది మాత్రం ఎవరూ అడగరు.

ముందు బానెట్ ఎత్తి చూడండి. ఈమధ్య వచ్చిన చాలా ఇంజన్లలో ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ని (కంపెనీ నుంచి వచ్చే పొగ గొట్టాల కూడలి, హెడర్ దీని బదులే వేస్తారు) సిలిండర్ హెడ్‌లోనే కలిపి పోతపోస్తున్నారు. నాలుగు పోర్టులు (సిలిండర్ల నుంచి పొగ వచ్చే దారులు) లోపలే కలిసి బయటికి ఒకే రంధ్రం వస్తుంటే మీకు హెడర్ అనేదే లేదు, డబ్బు దాచుకోండి. ఇంకొన్నిటిలో పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ మానిఫోల్డ్‌కే అతికి ఉంటుంది. అక్కడ హెడర్ వేస్తే కన్వర్టర్ పోయినట్టే. పొల్యూషన్ టెస్టు పాసవదు, చెక్ ఇంజన్ లైటు ఆరదు, చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం కూడా. కన్వర్టర్ కింద విడిగా ఉన్న కారుకే హెడర్ గురించి ఆలోచించండి.

ఇక 4-2-1 ఎందుకంటే, ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు పేలే వరుస) 1-3-4-2 అయితే 1, 4 సిలిండర్ల పైపులు ఒక జత, 2, 3 ఇంకో జత. ఒక జతలో ఒక సిలిండర్ పేలాక రెండోది పేలేలోపు క్రాంక్ పూర్తిగా ఒక చుట్టు తిరుగుతుంది. కాబట్టి ఒకదాని పొగ రెండోదానికి అడ్డం రాదు, నడిమి ఆర్‌పీఎంలో పికప్ బాగుంటుంది. 4-1 రకం రెడ్‌లైన్ (ఇంజన్ దాటకూడని ఆర్‌పీఎం) దగ్గర బాగా లాగుతుంది గానీ, మీరు రోజూ నడిపే 2,500 నుంచి 4,500 మధ్య నీరసంగా ఉంటుంది. అమ్మేవాళ్లు గ్రాఫులో పై చివర అంకె ఒక్కటే పెద్దక్షరాల్లో వేస్తారు. 3,000 దగ్గర స్టాక్ (కంపెనీ వేసిన) మానిఫోల్డ్ కంటే ఎంత తగ్గిందో చూపించరు. ఆ గీత మొత్తం చూపించమని అడగండి, చూపించకపోతే కొనకండి.

పైపు లావు దగ్గర జనం చేసే తప్పు ఒక్కటే, లావుదే కొంటారు. దీనికి ఒక మోటు లెక్క ఉంది. పైపు లోపలి వైశాల్యాన్ని చదరపు సెంటీమీటర్లలో తీసుకుని 2,24,000తో గుణించి, ఒక సిలిండర్ సీసీతో భాగించండి. ఆ పైపుకి టార్క్ ఏ ఆర్‌పీఎం దగ్గర బాగా వస్తుందో సుమారుగా తెలుస్తుంది. 1.6 లీటర్లంటే సిలిండర్‌కి 400 సీసీ. బయట 38 మి.మీ., గోడ మందం 1.5 మి.మీ. ఉన్న పైపుకి లోపల 35 మి.మీ., వైశాల్యం 9.6. లెక్క 5,400 దగ్గర తేలుతుంది. అదే 42 మి.మీ. పైపయితే 6,700. మీ రెడ్‌లైన్ 6,500 అయితే ఆ పైపు ఇచ్చే లాభం మీరు ఎప్పుడూ చూడని చోట ఉంది. క్యామ్ మార్చని 1.6కి 38 మి.మీ. చాలు.

ఇక ఫ్లాంజ్. పార్సిల్ విప్పగానే, గ్యాస్కెట్ (ఇంజన్‌కీ ఫ్లాంజ్‌కీ మధ్య లీకు ఆపే పలచని రేకు) కూర్చునే ముఖం పైకి వచ్చేలా బల్ల మీద పెట్టి, దాని మీద వంకర లేని స్టీల్ స్కేలు నిలువుగా ఆనించండి. వెనక దీపం పెట్టి ఒక చివర నుంచి ఇంకో చివరిదాకా చూడండి. ఎక్కడైనా వెలుతురు కనిపిస్తే అక్కడ ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని ఆకుల పనిముట్టు) దూర్చండి. 0.15 మి.మీ. ఆకు సులువుగా దూరిందంటే ఆ ముఖాన్ని మెషీన్ మీద సమం చేయించాలి, లేదా వెనక్కి పంపేయాలి. ఎందుకంటే పైపుల్ని ఫ్లాంజ్‌కి ఒకవైపే వెల్డింగ్ చేస్తారు. వెల్డు చల్లారేటప్పుడు ముడుచుకుని ప్లేటుని తనవైపు లాగుతుంది, చివరలు హెడ్‌కి దూరంగా లేస్తాయి. నట్లు బిగిస్తే మొదటిరోజు అతుక్కున్నట్టే ఉంటుంది. నాలుగుసార్లు వేడెక్కి చల్లారాక 1వ సిలిండర్ దగ్గరో 4వ దాని దగ్గరో గ్యాస్కెట్ కాలిపోతుంది. 6 మి.మీ. ప్లేటుతో ఈ బాధ ఎక్కువ, 10 మి.మీ. ప్లేటు నిలబడుతుంది.

తర్వాత కొత్త గ్యాస్కెట్‌ని ఫ్లాంజ్ మీద రెండు బోల్టులతో నిలిపి, పోర్టులోకి టార్చి వేసి చూడండి. గ్యాస్కెట్ అంచు రంధ్రంలోకి పొడుచుకు రాకూడదు. ఫ్లాంజ్ రంధ్రం హెడ్ పోర్టు కంటే చుట్టూ ఒక మి.మీ. పెద్దగా ఉంటే మంచిదే, చిన్నగా ఉంటే మాత్రం వచ్చే పొగకి గోడ కట్టినట్టు. వేలు లోపలికి పెట్టి వెల్డు తడమండి. గడ్డలు తగిలితే డై గ్రైండర్‌తో సాపు చేయించాలి. స్టెయిన్‌లెస్ పైపు లోపల వెల్డు వెనక నల్లగా, గరుకుగా, పొక్కుల్లా ఉంటే లోపల ఆర్గాన్ పెట్టకుండా వెల్డు చేశారన్నమాట. పగుళ్లు అక్కడే మొదలవుతాయి.

ఆక్సిజన్ సెన్సర్ బిగించే బొడిపె నాలుగు పైపులూ కలిశాకే ఉండాలి. ఒక్క పైపు మీద పెడితే ఒక్క సిలిండర్ సంగతే ఈసీయూకి (ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌కి) తెలుస్తుంది. కింద వైపుకి పెట్టకూడదు, అడ్డంగా ఉన్న గీత కంటే కనీసం 10 డిగ్రీలు పైకి వాలి ఉండాలి. లేకపోతే పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు పైపులో చేరిన నీరు తగిలి సెన్సర్ లోపలి సిరామిక్ పగులుతుంది. సెన్సర్‌కి ముందు ఎక్కడ లీకైనా బయటి గాలి లోపలికి పీలుస్తుంది. ఈసీయూ మిశ్రమం పలచగా ఉందనుకుని పెట్రోలు పెంచుతుంది. మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. జనం హెడర్ డిజైన్‌ని తిడతారు, తప్పు లీకుది.

ఎడమవైపు స్టీరింగ్ కారుకి చేసిన హెడర్ కుడివైపు స్టీరింగ్ కారులో స్టీరింగ్ షాఫ్ట్‌కి తగలొచ్చు. ఆర్డర్ పెట్టేముందే అడగండి. ఆయిల్ ఫిల్టర్, స్టార్టర్, ఏసీ కంప్రెసర్ దగ్గర కూడా చూసుకోండి.

304 రకం స్టెయిన్‌లెస్ అర మీటరు పైపు 600 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 5 మి.మీ. సాగుతుంది. మామూలు స్టీల్ అంత సాగదు. అందుకే 304 హెడర్‌కి కింద ఫ్లెక్సిబుల్ జాయింట్ లేకపోతే, గేర్‌బాక్స్ దగ్గర బ్రాకెట్ లేకపోతే, ఇంజన్ ఊగినప్పుడల్లా ఆ ఒత్తిడంతా వెల్డు మీదే పడుతుంది. స్టెయిన్‌లెస్ అని అమ్మిన పైపుకి అయస్కాంతం గట్టిగా అతుక్కుంటే అది 409 లాంటి రకం. పైన కొంచెం తుప్పు పట్టినా తక్కువ సాగుతుంది, రోడ్డు కారుకి దిట్టంగా పనిచేస్తుంది. మామూలు స్టీల్ అయితే లోపలా బయటా సిరామిక్ కోటింగ్ చేయించండి. హీట్ ర్యాప్ పట్టీ మాత్రం చుట్టకండి, అది తడిని పట్టి ఉంచి పైపుని లోపల్లోపలే తినేస్తుంది.

పాత స్టడ్లకి ముందురోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి నానబెట్టండి. నట్టు బిగుసుకుంటే బలం పెట్టొద్దు. కొంచెం బిగించి, కొంచెం వదిలి, మళ్లీ నూనె కొట్టాలి. స్టడ్డు విరిగిందంటే హెడ్‌లో డ్రిల్లింగే గతి. కొత్త స్టడ్లు, కొత్త గ్యాస్కెట్, రాగి పూత నట్లు వేయండి. సిలికాన్ పేస్టు పూయకండి, అది సెన్సర్‌ని చంపుతుంది. నట్లు మధ్య నుంచి చివరలకి మూడు దఫాలుగా బిగించాలి. ఎం8 స్టడ్లకి సాధారణంగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు, మీ మాన్యువల్ వేరే చెబితే అదే ఖాయం.

మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు కొంచెం పొగ వస్తుంది, చేతి జిడ్డు, నూనె కాలుతున్నాయంతే. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు టక్ టక్ మని వినిపించి వేడెక్కాక ఆగితే ఫ్లాంజ్ దగ్గర లీకుంది. ఇంజన్ ఆపి చల్లారాక, సైలెన్సర్ గొట్టంలోకి వ్యాక్యూమ్ క్లీనర్‌ని ఊదే వైపు పెట్టి, జాయింట్ల మీద సబ్బునీళ్లు చల్లండి. బుడగ లేచినచోటే లీకు. రెండు మూడుసార్లు వేడెక్కి పూర్తిగా చల్లారాక టార్క్ రెంచ్‌తో అన్ని నట్లూ అదే వరుసలో మళ్లీ బిగించండి.