ఈని 80 రోజులైనా ఎదకు రాని ఆవుకు హార్మోన్ సూది వేయించవచ్చా?

వేయించవచ్చు. కానీ ఏ సూది అన్నది అండాశయం మీద ఏముందో చూశాకే తేలాలి. "ఎదకు రాలేదు" అన్న ఆవుల్లో చాలా వాటికి ఎద వచ్చి పోయి ఉంటుంది. పాలు ఎక్కువిచ్చే ఆవులో ఎద కొద్ది గంటలే ఉంటుంది, అదీ తరచుగా రాత్రిపూట. కాబట్టి ముందు పశువైద్యుడితో చెయ్యి పెట్టించి గానీ స్కానింగ్‌తో గానీ మూడు సంగతులు తేల్చుకోండి: చూడి ఉందా, గర్భసంచిలో చీము ఉందా, అండాశయం మీద కార్పస్ లూటియం (అండం విడుదలయ్యాక అక్కడ ఏర్పడే, ప్రొజెస్టెరాన్ హార్మోన్ తయారుచేసే ముద్ద) ఉందా.

కార్పస్ లూటియం ఉంటే దాన్ని కరిగించే హార్మోన్ సూది ప్రోస్టాగ్లాండిన్ ఒక్కటే చాలు. క్లోప్రోస్టెనాల్ అయితే 500 మైక్రోగ్రాములు, సాధారణంగా 2 మి.లీ., కండలోకి. 2 నుంచి 5 రోజుల్లో ఎదకు వస్తుంది. ఎద అయి ఐదు రోజులు నిండకముందు ఈ సూది వేస్తే పని చేయదు, ఎందుకంటే లేత కార్పస్ లూటియం దానికి కరగదు. "సూది వేయించాం, ఏమీ కాలేదు" అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి కారణం ఇదే. చూడి ఆవుకు పొరపాటున వేస్తే ఈసుకుపోతుంది (గర్భం పోతుంది), అందుకే చూడి పరీక్ష లేకుండా ఈ సూది ముట్టుకోవద్దు. గర్భిణులు, ఆస్తమా ఉన్నవాళ్లు ఈ మందు జోలికి వెళ్లకూడదు, ఇది చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. మిగతావాళ్లు కూడా గ్లౌజులు వేసుకోవాలి.

ఎద కనిపెట్టడం కుదరకపోతే, లేదా పది ఆవులకు ఒకే రోజు కృత్రిమ వీర్యదానం చేయించాలంటే ఓవ్‌సింక్ పద్ధతి (లెక్క ప్రకారం సూదులు వేసి, అండం విడుదలయ్యే వేళను ముందే కుదుర్చుకోవడం) మంచిది. సోమవారం ఉదయం 8కి అండం విడుదల చేయించే హార్మోన్ సూది బ్యూసెరెలిన్ 10 మైక్రోగ్రాములు వేస్తారు. సీసా మీద మి.లీ.కి 4 మైక్రోగ్రాములు అని ఉంటే అది 2.5 మి.లీ. వచ్చే సోమవారం 8కి ప్రోస్టాగ్లాండిన్. బుధవారం సాయంత్రం 4కి, అంటే 56 గంటలకు, మళ్లీ బ్యూసెరెలిన్. గురువారం ఉదయం 8 నుంచి మధ్యాహ్నం లోపు వీర్యదానం. ఎద కనిపించకపోయినా చేయించాలి. చివరి సూది తర్వాత 28 గంటలకు అటూ ఇటూగా అండం విడుదలవుతుంది, గంటల లెక్క అందుకే ఇంత గట్టిగా పట్టుకోవాలి. "సాయంత్రం కుదరలేదు, మర్నాడు పొద్దున వేశాం" అంటే ఈ లెక్క తప్పుతుంది, అప్పుడు వీర్యదానం వేళ పశువైద్యుణ్ణి అడిగి మార్చుకోవాలి. రెండో సోమవారం తర్వాత మంగళవారం 8కి ఇంకో ప్రోస్టాగ్లాండిన్ వేస్తే కార్పస్ లూటియం పూర్తిగా కరుగుతుంది. ఖర్చు కొంచెం పెరిగినా నేను అదే చెబుతాను. మధ్యలో ఏ ఆవైనా జిగురు తీగలు వేస్తూ, మరో ఆవు ఎక్కినా కదలకుండా నిలబడితే గురువారం దాకా ఆగొద్దు: పొద్దున చూస్తే సాయంత్రం, సాయంత్రం చూస్తే మర్నాడు పొద్దున వీర్యదానం చేయించేయండి.

అండాశయం నునుపుగా, ఏ చలనమూ లేకుండా ఉంటే పై సూదులకు తోడు ప్రొజెస్టెరాన్ హార్మోన్‌ను కొద్దికొద్దిగా వదిలే పరికరం కావాలి. మొదటి సూది రోజున యోనిలో పెట్టి, ఏడో రోజు ప్రోస్టాగ్లాండిన్‌తో పాటే తీస్తారు. పెట్టే గొట్టాన్ని ఒక్కో ఆవుకూ క్రిమినాశక ద్రావణంలో కడగాలి. బయట వేలాడే దారం పొడవుగా ఉంటే పక్క ఆవులు లాగేస్తాయి, కత్తిరించండి. గర్భసంచిలో చీము ఉన్న ఆవుకు ఇది వద్దు, ముందు దానికి వైద్యం జరగాలి.

ఈస్ట్రోజెన్ సూదితో "ఎద తెప్పిస్తాం" అనేవాళ్లు తగిలితే ఒప్పుకోకండి. అరుపులు, ఎక్కడాలు కనిపిస్తాయి గానీ అండం విడుదల కాకపోవచ్చు, అప్పుడు వీర్యం వృథా.

ఒక డోసును రెండు ఆవులకు పంచడం, పొట్టి సూదితో కొవ్వులోకి ఎక్కించడం, మందును ఎండలో వదిలేయడం కూడా ఫలితాన్ని పోగొడతాయి. అన్నిటికంటే ముందు ఆవు ఒళ్లు చూసుకోవాలి. పక్కటెముకలు లెక్కపెట్టేలా చిక్కిపోయిన ఆవుకు దాణా, ఖనిజ మిశ్రమం సరిచేసి, ఒళ్లు పట్టాక మొదలుపెట్టండి. అంతా సరిగ్గా జరిగినా పదింటిలో మూడో నాలుగో మొదటిసారికి చూడి కడతాయి. అందుకే వీర్యదానం తర్వాత 18 నుంచి 24 రోజుల మధ్య ఎదకు తిరిగొస్తుందేమో రోజూ పొద్దునా రాత్రీ గమనించండి. తిరిగి రాకపోతే 30 రోజులు దాటాక స్కానింగ్ చేయించండి. ఖాళీ అని తేలినవాటికి అప్పుడే పశువైద్యుడు అండాశయం చూసి తర్వాతి సూదుల తేదీలు రాసిస్తే ఇంకో నెల వృథా కాదు.