అమెరికాలో గన్ చట్టాలు కఠినం చేస్తే మాస్ షూటింగ్ (జనం మీద విచ్చలవిడిగా కాల్పులు జరపడం) చావులు నిజంగా తగ్గుతాయా?

తగ్గుతాయి. షూటింగులు పూర్తిగా ఆగిపోతాయని అనట్లేదు, చనిపోయేవాళ్ళు మాత్రం తగ్గుతారు.

మేముండేది టెక్సాస్‌లో, డల్లాస్ పక్కనే. ఇండియా వెళ్ళే ముందు ఇక్కడ మనవాళ్ళు చాలామంది బట్టలకీ బ్యాగులకీ వెళ్ళే ఆలెన్ ఔట్‌లెట్ మాల్ ఉంది చూడండి, 2023 మే 6 శనివారం మధ్యాహ్నం అక్కడే ఒకడు ఏఆర్-15 లాంటి రైఫిల్‌తో 8 మందిని చంపేశాడు, అందులో మన హైదరాబాద్ నుంచి వచ్చిన ఇంజనీర్ అమ్మాయి కూడా ఉంది. ఆ సాయంత్రం వాట్సాప్ గ్రూపులన్నీ "ఎక్కడున్నారు, ఇంటికొచ్చేశారా" అనే మెసేజులే.

"క్రిమినల్స్ ఎలాగూ చట్టం పాటించరు కదా" అంటారు చాలామంది. ఆలెన్ మాల్‌కి వాడు తెచ్చిన 8 తుపాకులూ చట్టప్రకారం కొన్నవేనండీ! 2008లో మానసిక సమస్యలని ఆర్మీ వాడిని ట్రైనింగ్ కూడా పూర్తవకుండానే పంపించేసింది, అయినా కొనడానికి ఏ అడ్డూ రాలేదు. 2022లో టెక్సాస్‌లోనే యువాల్డీ స్కూల్లో 19 మంది పిల్లల్ని, ఇద్దరు టీచర్లని చంపినవాడూ అంతే, 18 నిండగానే రెండు రైఫిళ్ళు కొన్నాడు. మతి సరిగ్గా లేనివాళ్ళు ఏ దేశంలో లేరు చెప్పండి, వాళ్ళ చేతికి ఇంత తేలిగ్గా రైఫిల్ దొరకడమే ఇక్కడి సమస్య. మన దగ్గర లైసెన్స్ గన్ ఉన్నవాళ్ళు కూడా ఎలక్షన్ వచ్చిందంటే పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేస్తారు. టెక్సాస్‌లో 2021 నుంచి 21 దాటినవాళ్ళు చాలావరకు పర్మిట్ లేకుండానే హ్యాండ్‌గన్ పెట్టుకుని తిరగొచ్చు, ఇద్దరు మామూలు మనుషులు అమ్ముకుంటే బ్యాక్‌గ్రౌండ్ చెక్ (కొనేవాడి మీద నేరాలేమైనా ఉన్నాయా అని చూడటం) కూడా అక్కర్లేదు.

మా పాపకి లైట్లు వెలిగే షూస్ అంటే ప్రాణం. ఒకరోజు స్కూల్లో లాక్‌డౌన్ డ్రిల్ చేశారు, అంటే లైట్లార్పేసి తలుపేసి పిల్లలందరూ మూలకి చేరి సప్పుడు చేయకుండా కూర్చోవాలి. ఇంటికొచ్చి "ఈ షూస్ వద్దమ్మా, చీకట్లో వాడికి కనబడతాం" అంది. ఫస్ట్ గ్రేడ్ పిల్ల. ఏం చెప్పాలో నాకు నోట మాట రాలేదు.

నన్నడిగితే కొనే వయసు 21 చేయాలి, ప్రతి అమ్మకానికీ చెక్ ఉండాలి, ప్రమాదకరంగా ఉన్నవాడి దగ్గర్నుంచి కోర్టు ఆర్డర్‌తో గన్ తీసుకునే రెడ్ ఫ్లాగ్ చట్టం కావాలి, ఎక్కువ బుల్లెట్లు పట్టే పెద్ద మ్యాగజైన్లు ఆపాలి. ఈ చివరిది ఎందుకంటే, 2011లో అరిజోనాలోని టూసాన్‌లో కాల్పులు జరిపినవాడు మ్యాగజైన్ మార్చుకుంటుంటేనే అక్కడున్న జనం మీదపడి పట్టుకున్నారు, ఆ కాస్త టైమే ప్రాణాలు కాపాడేది.

ఇదంతా జరిగే పని కాదనేవాళ్ళు ఫ్లోరిడా చూడండి. 2018లో పార్క్‌లాండ్ స్కూల్లో 17 మంది చనిపోతే నెల తిరక్కుండానే వయసు 21 చేసి రెడ్ ఫ్లాగ్ చట్టం తెచ్చారు, సంతకం పెట్టింది మామూలుగా ఇలాంటి చట్టాలు వద్దనే రిపబ్లికన్ పార్టీ గవర్నరే. టెక్సాస్‌లో ఆలెన్ జరిగిన రెండు రోజులకి వయసు పెంచే బిల్లు స్టేట్ హౌస్ (మన అసెంబ్లీ లాంటిది) కమిటీలో 8-5తో పాసైంది, కానీ సభలో ఓటింగ్ దాకా రాలేదు. సిటిజన్‌షిప్ వచ్చిన మనవాళ్ళు ప్రెసిడెంట్ ఎలక్షన్ ఒక్కటే కాదు, దయచేసి స్టేట్ హౌస్ ఎలక్షన్లకీ, ప్రైమరీలకీ (పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే ఓటింగ్) వెళ్ళి ఓటేయండి, ఆ బిల్లు ఆగిపోయింది అక్కడే.